రాతి కింద హోరు

ఈల వేశానని మేస్త్రీ ఆదెన్న ఇప్పటికీ ఒట్టేసి చెబుతాడు. వేసే ఉంటాడు. మారెప్పకు వినపడలేదు, అంతే.

క్వారీలో మందు పేలే ముందు అందరూ బండల చాటుకు పరుగెత్తారు. మారెప్ప ఒక్కడే అటు తిరిగి కూర్చుని ఉలి మొన చూసుకుంటున్నాడు. వెనక నుంచి అందరూ గొంతు చించుకున్నారు. కంకర కొట్టే కదిరమ్మ సుత్తి పారేసి, చేతులూపుతూ వాడి వైపు ఉరికింది. ఇద్దరు పట్టి వెనక్కి లాగారు. గుట్ట లేచింది. పొగ తేలిపోయాక చూస్తే మారెప్ప మోకాలి కింద కాలు కాలు మాదిరిగా లేదు.

కంట్రాక్టరు నారపరెడ్డి జీపు దిగాడు. రక్తం చెప్పులకు అంటకుండా పంచె ఎత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"ఈల ఏసినావా లేదా?"

"ఏసినా రెడ్డీ. అందురూ ఇన్యారు" అన్నాడు ఆదెన్న.

"అందురికీ ఇనపడిన ఈల వీనికెందుకు ఇనపడలా? చెవిటోడు. చెవిటోన్ని మందు కాడికి రానిచ్చేదేనా నువ్వు చేసే మేస్త్రీతనం? రేపట్నించి వీడు పనికొద్దు."

"వాని చెవులు యాడ పోయినాయి రెడ్డీ?" కదిరమ్మ అడిగింది. "సంతలో అమ్ముకున్న్యాడా? నీ మిషనుకే కదా పెట్టినాడు!"

రెడ్డి ఆమెను చూడను కూడా చూడలేదు. జీపెక్కాడు. మారెప్పను ఎద్దులబండిలో వేసి గుత్తి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఆ సాయంత్రం నీళ్లబండి గుడిసెల మధ్యకు వచ్చింది. మారెప్ప గుడిసె ముందర ఆగకుండా పోయింది. క్వారీలో పనిచేసే వాళ్లకే క్వారీ నీళ్లు. అది రెడ్డి పెట్టిన చట్టం. చుట్టూ ఆమడ దూరం చుక్క నీరు లేని నేల మీద అంతకన్నా పెద్ద చట్టం ఏ సర్కారుకూ లేదు.

అందరూ మారెప్ప గురించే మాట్లాడుకుంటుంటే, మారెప్ప మాదిరే మిషను పట్టే యేసన్న నోరు తెరవలేదు. ఆ ఈల అతనికీ వినపడలేదు. పక్కనున్న మస్తాన్ వలి పరుగెత్తాడు కాబట్టి తనూ పరుగెత్తాడు. మస్తాన్ వలి ఒక్క క్షణం అటు చూసి ఉంటే, ఈ రోజు ఎద్దులబండిలో రెండు కాళ్లు పోయేవి.

కంప్రెసర్ వచ్చిన ఏడాది మొదలైంది అది. అంతకుముందు సమ్మెటతో, ఉలితో రాతికి బెజ్జాలు వేసేవాళ్లు. పని నెమ్మది. రైలుకట్టకు కంకర తొందరగా కావాలట. అందుకని రెడ్డి డీజిల్ కంప్రెసర్‌తో నడిచే డ్రిల్లు మిషన్లు తెప్పించాడు. పొద్దంతా మిషను పట్టి ఇంటికొస్తే యేసన్న చెవుల్లో కీచురాళ్లు అరిచేవి. మొదట్లో ఒక నిద్ర తీస్తే తగ్గేది. తర్వాత నిద్రే రాకుండా పోయింది. కుడి చెవిలో ఎసరు మరిగినట్టు హోరు, ఎడమ చెవిలో సూది మాదిరి సన్నటి కూత. ఆదివారం చర్చిలో మోకాళ్లూని కళ్లు మూసుకుంటే అయ్యగారి ప్రార్థన వినపడేది కాదు, ఇదే వినపడేది. దేవుడికీ తనకూ మధ్య ఎవడో మిషను పెట్టి తొలుస్తున్నట్టుండేది.

వెల్లుల్లి కాచిన నూనె పోసుకున్నాడు. జిల్లేడాకు రసం పిండుకున్నాడు. చీము కారింది గానీ మోత పోలేదు.

"పిలిస్తే పలకవు, అరిస్తే కొట్టేకొస్తావు" అనేది అతని పెండ్లాం అక్కమ్మ. "గోడతో కాపరం చేసినట్టుండాది నాకు."

ఏమని చెబుతాడు? చెబితే అక్కమ్మ పక్కింటామెకు చెబుతుంది, పక్కింటామె మొగునికి చెబుతుంది, ఆదెన్న చెవిన పడుతుంది. ఆ సాయంత్రమే నీళ్లబండి తన గుడిసె దాటిపోతుంది. పనికి పోతే చెవులు పోతాయి, పోకపోతే గొంతు ఎండుతుంది. బోనులో పడ్డ ఎలుకకు కనీసం ఎర ఉంటుంది. యేసన్నకు అదీ లేదు.

మారెప్ప కాలు తీసేశారని కబురొచ్చిన వారమే గుడిసెల వాళ్లంతా కూడారు.

"మన గొంతులు వాని బండికి కట్టేసుకోని ఎన్నాళ్లప్పా?" అన్నాడు మస్తాన్ వలి. "మనమే ఒక బావి తొవ్వుకుందాం. రాయి కొట్టేది మనకు కొత్తా?"

"యాడ తొవ్వేది?"

అందరూ యేసన్న వైపు తిరిగారు. యేసన్న నాయన ఆ చుట్టుపక్కల పేరున్న మనిషి. రాతి మీద సమ్మెటతో ఒక్క దెబ్బ వేసి, పడుకుని చెవి ఆనించేవాడు. రాయి కింద నీళ్లుంటే హోరు వినపడుతుందని ఆయన అనేవాడు. ఆయన చెవి పెట్టి చెప్పిన బావుల్లో నీళ్లు పడ్డాయి కాబట్టి ఊళ్లూ నమ్మేవి. ఆ విద్య కొడుక్కి వచ్చి ఉంటుందని అందరి ఆశ.

మర్నాడు పొద్దు పొడవకముందే యేసన్న చెప్పులు విప్పి, గుడిసెల వెనకున్న పరుపుబండ మీద సమ్మెట వేశాడు. పడుకున్నాడు. కుడి చెవి రాతికి ఆనించి, రెండో చెవి అరచేత్తో మూసుకున్నాడు. లోపల నుంచి హోరు పొంగింది. ఎంత నీళ్లు! చెరువు తెగినట్టుంది. నాయన చెప్పింది ఇదే. యేసన్న లేచేసరికి కళ్లు తడిసి ఉన్నాయి.

"ఉండాది. హోరుమంటాంది!"

తొవ్వారు. పొద్దంతా రెడ్డి రాయి కొట్టి, పొద్దు వాలాక తమ రాయి కొట్టారు. మందు లేదు, మిషను లేదు. మగవాళ్లు సమ్మెటలేశారు, ఆడవాళ్లు తట్టలు మోశారు. మట్టి పోయింది, మొరం పోయింది, నల్లరాయి వచ్చింది. నల్లరాతి కింద ఇంకా నల్లరాయి వచ్చింది. మోకు పొడుగు పెరిగే కొద్దీ గొణుగుడు పెరిగింది. చెమ్మ కూడా తగలలేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం, రాళ్లు మోసి అలసిన సుబ్బలక్ష్మమ్మ తట్ట విసిరికొట్టింది.

"ఇంగ నా వల్ల కాదు. నీళ్లుండాయని ఇంకొకరు ఎవురన్నా చెప్పండి, అప్పుడు మోస్తా."

యేసన్న దిగి మళ్లీ విన్నాడు. "ఉండాది" అన్నాడు. మస్తాన్ వలి దిగి చెవి ఆనించాడు. "అల్లా తోడు, ఉండాది! హోరు ఇనపడతాండాది!" మిషను పట్టే మిగతావాళ్లూ ఒక్కొక్కడే దిగారు. ఒక్కొక్కడే మొహం విప్పార్చుకుని పైకొచ్చాడు. అందరికీ వినపడింది.

"జరుగు, నేను ఇంటా" అని కదిరమ్మ చీర చెక్కి, మోకు పట్టుకుని దిగింది. ఆమె కొట్టే చోటు మిషన్లకు ఎంతో దూరం. సుత్తి తప్ప ఇంకో చప్పుడు ఎరగని చెవి. రాతి మీద పడుకుంది. చాలాసేపు పడుకుంది.

"నాకేమీ ఇనపడలేదప్పా."

"సరిగా ఆనించు అక్కా" అన్నాడు యేసన్న, ఆమె పక్కనే దిగి.

"ఆనించినా. నా గుండెకాయ కొట్టుకునేది ఇనపడతాంది. నీళ్లు లేవు. నువ్వు పండుకో, చూస్తా."

యేసన్న పడుకున్నాడు. "ఇనపడతాందా?" "ఇనపడతాంది." "లేయ్." లేచాడు. "రాతి మీద నుంచి చెవి తీసినావు కదా. ఇప్పుడు చెప్పు. ఇనపడతాందా?"

యేసన్న అరచేత్తో చెవి మూసుకుని చూశాడు. కదిరమ్మ అతని మొహంలోకే చూస్తోంది. బావి గోడలు నాలుగు వైపులా లేచి ఉన్నాయి. తప్పించుకుపోవడానికి పైన ఆకాశం తప్ప దారి లేదు.

"ఇనపడతాంది" అన్నాడు.

పైన ముందుగా సుబ్బలక్ష్మమ్మే నవ్వింది, ఏడ్చినట్టు. "ఇన్నాళ్లూ మా నడుములు ఇరిగింది వీని చెవిలో నీళ్లకా! తోడుకోండే, కడవలు తెచ్చుకోని తోడుకోండి!"

ఎవడో తిట్టాడు. ఎవడో గులకరాయి విసిరాడు. యేసన్న తల వంచుకుని అక్కడే కూర్చున్నాడు. అప్పుడు మస్తాన్ వలి బావి అంచుకు వచ్చాడు.

"వాన్ని అనొద్దండి. నాకూ అంతే. రెండేండ్లాయ. మసీదులో బాంగు ఇనపడక నమాజు తప్పుతాండా. సిగ్గయి చెప్పలా."

"నాకూ..." అన్నాడు వెనక ఒకడు. "నాకు ఒగ చెవే" అన్నాడు ఇంకొకడు. ఇన్నాళ్లూ ప్రతివాడూ తనొక్కడికే దయ్యం పట్టిందనుకుని దాన్ని పెండ్లానికి తెలియకుండా దాచుకున్నాడు. దయ్యం ఒక్కటే. అది డీజిల్ తాగుతుంది.

తర్వాతి ఆదివారం మస్తాన్ వలి గుత్తి నుంచి వెంకటప్పను పిలుచుకొచ్చాడు. వెంకటప్ప యూనియను మనిషి, వయసులో ఉన్నప్పుడు బాయిలర్లకు రివిట్లు కొట్టి సగం చెవులు పోగొట్టుకున్నవాడు. మాట్లాడేటప్పుడు తన పెదాలు అందరికీ కనపడేట్టు బండ మీద ఎక్కి నిలబడ్డాడు.

"దీనికి మందు యేముండాదన్నా?" యేసన్న అడిగాడు.

"లేదప్పా. అబద్ధం చెప్పను. పోయిన చెవి రాదు. తైలాలు పొయ్యొద్దు, ఉన్నదీ పోతాది. మిగిలింది మాత్రం కాపాడుకోవచ్చు. ఉత్త దూది చాలదు. దూదికి మైనం బాగా పట్టించి చెవి నిండా పెట్టుకోవల్ల. మిషను పొద్దంతా ఒక్కడే పట్టగూడదు, మార్చుకోవల్ల. మందు పేల్చేటప్పుడు ఈల కాదు, జెండా ఎత్తాల. చెవి లేనోనికి కండ్లుండాయి కదా."

"మరి ఈ మోతతో ఎట్ల బతికేది?"

"తరమబాకు. దాన్నే ఇంటా ఒంటిగా కూచున్న్యావంటే నెత్తికెక్కుతాది. పక్కన ఇంకో చప్పుడు పెట్టుకో. నేను గడియారం తలకాడ పెట్టుకోని పండుకుంటా. నా పెండ్లాం పిండి ఇసురుతాంటే ఆ ఇసుర్రాయి పక్కనే కూచుంటా. అప్పుడు మోతకు సగం జాగా పోతాది. అంతే. పూర్తిగా పోతాదని యెవుడన్నా చెప్తే వాన్ని నమ్మొద్దు."

యేసన్నకు ఓదార్పు దొరకలేదు. కానీ మొదటిసారి ఎవడో తనకు నిజం చెప్పాడు.

సోమవారం మిషన్ల వాళ్లందరూ మైనం దూది పెట్టుకుని వచ్చారు. ఆదెన్న పరుగెత్తి రెడ్డిని పిలుచుకొచ్చాడు.

"చెవులు మూసుకుంటే ఈల ఎట్ల ఇనపడతాదిరా? తీయండి!"

"ఈల వద్దు రెడ్డీ. ఎర్రజెండా ఎత్తండి. అందురికీ కనపడతాది" అన్నాడు యేసన్న.

"ఎర్రజెండానా?" రెడ్డి మొహం గంటు పెట్టుకున్నాడు. "నా గుట్ట మీదా? ఎవుడు నేర్పినాడ్రా నీకు?"

"మారెప్ప కాలు నేర్పింది" అన్నాడు మస్తాన్ వలి.

రెడ్డి మెల్లగా, తియ్యగా అన్నాడు. "సరే. చెవుల మాట మీరే ఎత్తినారు. రేపు పొద్దున అందురూ గుట్ట వైపు తిరిగి నిలబడండి. మేస్త్రీ వెనక నుంచి పేరు పిలుస్తాడు. తిరిగినోళ్లకు పని, నీళ్లు. తిరగనోళ్లు మూటలు కట్టుకోండి. చెవిటోళ్ల సావు నా మెడకు వద్దు."

ఎంత న్యాయంగా ఉందో చూడండి! చెవి తిన్నవాడే చెవికి పరీక్ష పెడతాడు.

ఆ సాయంత్రం గుడిసెల మధ్య పెద్ద గలాటా అయింది.

"మా చెవులు బాగుండాయి. మేమెందుకు నీళ్లు పోగొట్టుకోవల్ల?" అంది సుబ్బలక్ష్మమ్మ. "తప్పుగా అనుకోబాకు యేసన్నా. నా ఇంట్లో ఐదు నోర్లుండాయి."

"మారెప్ప చెవులూ బాగానే ఉండె" అంది కదిరమ్మ. "వీళ్లను తరిమినాక మిషను ఎవురు పట్టాల? నీ మొగుడే కదా!"

సుబ్బలక్ష్మమ్మ మొగుడు తల వంచుకున్నాడు. ఆమె అతన్ని చూసింది, ఖాళీ కడవను చూసింది. కడవను పక్కకు జరిపి గొణిగింది.

"తిరిగినోళ్లు కొందురు, తిరగనోళ్లు కొందురైతేనే కదా వాడు ఏరేది. ఎవురూ తిరగకపోతే?"

మంగళవారం అందరూ గుట్ట వైపు తిరిగి వరసగా నిలబడ్డారు. యేసన్నకు ఒక పక్క కదిరమ్మ, ఇంకో పక్క సుబ్బలక్ష్మమ్మ. వెనక ఏం జరుగుతోందో అతనికి తెలియదు. అతని లోకంలో హోరు తప్ప ఏమీ లేదు. ఉన్నట్టుండి కదిరమ్మ మెడ నరం ఉబ్బింది. దవడ బిగుసుకుంది. ఆమె పేరే పిలుస్తున్నారని అప్పుడు తెలిసింది. ఆమె తిరగలేదు. తర్వాత సుబ్బలక్ష్మమ్మ భుజం ఉలికిపడింది. ఆమె వేళ్లు వచ్చి అతని మణికట్టును పట్టుకున్నాయి. గోళ్లు దిగాయి. ఆమె కూడా తిరగలేదు.

ఎంతసేపో అలా గడిచింది. వరసలో ఆడవాళ్ల కళ్లలో నీళ్లు తిరగడం మొదలైంది. ఎందుకో యేసన్నకు అర్థం కాలేదు. అంతలో అతని పాదాలకు చల్లగా తగిలింది. కిందికి చూశాడు. నీళ్లు. రెడ్డి నీళ్లబండి బిరడా పీకించాడు. గుడిసెలన్నిటికీ ఆ రోజంతటికీ రావలసిన నీళ్లు రాతి మీద పారుతున్నాయి. ఆ చప్పుడు వినగలిగిన వాళ్లందరూ వింటున్నారు. ఒక్క తల తిరగలేదు.

ఆ తర్వాత రెడ్డి పిలిపించిన పోలీసుల లాఠీలొచ్చాయి. మొదటి దెబ్బ యేసన్న వీపు మీద పడింది. మస్తాన్ వలి తల పగిలింది. ఇద్దరినీ కట్టి పోలీసు జీపులో పడేశారు. జీపు కదిలాక యేసన్న చూశాడు. కదిరమ్మ, సుబ్బలక్ష్మమ్మ, మిగిలిన అందరూ తడిసిన రాతి మీద ఇంకా గుట్ట వైపే తిరిగి నిలబడి ఉన్నారు. మిషన్ల దగ్గర మనిషి లేడు.

గుత్తి దారిలో ఇంకో కంట్రాక్టరు క్వారీ ఉంది. జీపు దాని పక్కన వేగం తగ్గించింది. మిషన్లు పట్టిన వాళ్లు రోడ్డు అంచుకు వచ్చి చూశారు. నెత్తురోడుతున్న మనుషులు, పోలీసులు. ఒకడు చెయ్యి ఊపి ఏమైందని సైగ చేశాడు. యేసన్న చేతులు వెనక్కి కట్టేసి ఉన్నాయి. అరిస్తే అవతలివాడికి వినపడదు. అది అతనికి తెలియందా? తల పక్కకు వంచి, చెవిలోని మైనం దూదిని చూపించాడు.

ఆ మనిషి చెయ్యి తెలియకుండానే తన చెవి మీదికి పోయింది. తర్వాత వెనక్కి తిరిగి కంప్రెసర్ వైపు నడిచాడు.

కంప్రెసర్ ఆగిందో లేదో యేసన్నకు వినపడలేదు. అతని చెవిలో అది ఎప్పటికీ ఆగదు. జీపు మలుపు తిరిగేలోగా మెడ సాచి చూశాడు. ఆ గుట్ట మీద కొత్త దుమ్ము లేవడం లేదు, లేచిన దుమ్ము మెల్లగా కిందికి దిగుతోంది.