చెంపల మీది టోప్లీలు

మహబూబాబాద్ దవాఖానలో డాక్టరమ్మ రెండోసారీ అదే మాట చెప్పింది. మిథున్ రక్తంలో సీసం ఉంది. మందులిస్తే తగ్గింది, ఇంటికి పోగానే మళ్లీ పెరిగింది.

"మీ ఇంట్ల ఏదో వస్తువు పిల్లగాని నోట్లెకు పోతున్నది. గది దొరకకపోతే, ఇంకోసారి ఫిట్స్ వస్తే నా చేతిల ఏం లేదమ్మా."

ఆ వస్తువు కోసమే కమ్లీ, ఆమె కూతురు రుక్కి, రుక్కి కొడుకు మిథున్‌ను ఎత్తుకొని జనగామ వచ్చారు. సోమనర్సయ్య నగల దుకాణంలో బంగారం టచ్, అంటే మేలిమి, చూసే మిషన్ ఉంది. నగను లోపల పెట్టి మూత వేస్తే అందులో ఏయే లోహాలున్నాయో తెర మీద చూపిస్తుంది.

రుక్కి సంచి విప్పింది. మిథున్ మొలతాడు గంటలు, కాళ్ల కడియాలు, తన గిల్టు గొలుసు, చెవి కమ్మలు, ఆఖరికి వాడు తినే పళ్లెం. సోమనర్సయ్య ఒక్కొక్కటే పెట్టి తీశాడు.

"ఇందుల లేదు. ఇందుల గూడ లేదు. అంగడంత మూటగట్టుకొచ్చినవ్ గద బిడ్డా, ఇగ మీ తండానే మిషన్ల పెట్టాలె."

ఎవరూ నవ్వలేదు. కమ్లీ సంచిని తలకిందులు చేసి దులిపింది. దుమ్ము రాలింది. ఒళ్లో మిథున్ మెడ వాల్చేసి ఉన్నాడు. మొన్నటిదాకా వచ్చిన నాలుగు మాటలు కూడా మరిచిపోయాడు. కళ్లు సగం మూసుకునే చెయ్యి పైకెత్తి తడిమి, అమ్మమ్మ ఎడమ చెంప పక్కన వేలాడుతున్న జుమకీలాంటి టోప్లీని అందుకొని నోట్లో పెట్టుకున్నాడు.

రుక్కి రోజూ చూసేదే. ఇప్పుడు చూసి అదిరిపడి తల్లిని కేకేసింది.

"యాడీ, నీ టోప్లీలు!"

కమ్లీ వాడి నోట్లోంచి దాన్ని లాగేసింది. మరుక్షణం రెండు టోప్లీలనూ రెండు అరచేతులతో కప్పుకుంది. పెళ్లయిన లంబాడీ ఆడదాని జుట్టులో అల్లుకొని ఉండేవి అవి. ముక్కు, చెవుల్లాగా ఒంట్లో భాగం. సంచి నింపేటప్పుడు తల్లికీ బిడ్డకీ అవి నగలని తోచనే లేదు. మొగుడు పోయిననాడే వాటిని విప్పుతారు.

"వెండియి కావా అక్కా?" సోమనర్సయ్య అడిగాడు.

"వెండియి దీని పెండ్లికి దీని జుట్టుకే అల్లి సాగనంపిన. పోరని మొదటి దవాఖాన ఖర్చుకు, నేను వద్దన్నా ఇనక, ఇది అవి ఇప్పి అమ్మింది. నా చెంపలు ఉత్తగ ఉండొద్దని ముందుగాల్నే ఇవి మరిపెడ అంగట్ల కొన్న." ఆమె మిషన్ వైపు తల వంచింది. "తలనే మిషన్ల పెడితే కాదా అన్నా?"

"మూత పడకుంటే నడ్వదక్కా."

"మీ బాపు భూపాలపల్లిల బొగ్గు లారీ మీదున్నడే. ఇప్పుడు ఇప్పమంటవా?" కమ్లీ కూతురిని అడిగింది.

"మరి నా కొడుకును పొమ్మంటవా?" రుక్కి అరిచి, తండ్రి సక్రుకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఎత్తాడు. వెనక బండ్ల రొద.

అంతా విని సక్రు, "ఇప్పు" అన్నాడు. "నాకేమయితది? లోడింగ్ కాడ లైన్ల ఉన్న."

కమ్లీ ఫోన్ లాక్కుంది. "పెట్టెయ్యకు. మిషన్ అయ్యేదాంక మాట్లాడుకుంటనే ఉండు."

"ఏం మాట్లాడాలె?"

"ఏదన్న. నీ గొంతు ఇనపడాలె."

రుక్కి తల్లి జడపాయలు విప్పుతోంది. ఫోన్లో సక్రు చెబుతున్నాడు: "నా ముందట మొగుళ్లపల్లి పోరని బండి ఉన్నది. హారన్ కొట్టి కొట్టి సంపుతున్నడు..."

"సంపుడు మాట తియ్యకు!"

"సరే తియ్య. ఎండ బాగున్నది. అన్నం తిన్న. నీ లెక్క కారం ఎయ్యలే..."

టోప్లీలు లోపలికి పోయాయి. మూత పడింది. కమ్లీ చెంపలకు గాలి చల్లగా తగిలింది. సోమనర్సయ్య తెర మీది అంకెలను రెండుసార్లు చూసుకున్నాడు.

"సీసమే బిడ్డా. సగానికి సగం సీసమే."

రుక్కి పిల్లవాణ్ణి అందుకొని గట్టిగా హత్తుకొని తల్లి పక్కనే కూర్చుంది. కమ్లీ చెయ్యి తెలియకుండానే టోప్లీల కోసం ముందుకు పోయి, మధ్యలో ఆగింది.

"దొరికింది" అంది ఫోన్లో.

"దొరికిందా! ఇగ పోరడు బతుకుతడు. లైన్ కదిలింది, పెడుతున్న."

"ఆగు, జర ఆగు..."

ఫోన్ కట్టయింది. తల్లి ఒళ్లోంచి మిథున్ చెయ్యి చాచి అమ్మమ్మ ఎడమ చెంప తడిమాడు. దొరకలేదు. కుడి చెంప తడిమాడు. సన్నగా ఏడుపు మొదలుపెట్టాడు. కమ్లీ వాడి వేళ్లను చెంపకు అదిమిపట్టుకొని, ఇంకో చేత్తో సక్రు నంబరు నొక్కింది. రింగవుతూనే ఉంది.