నేలమాళిగలోని సెలవులు

మా ఆయన హౌకె ఎవర్నీ నమ్మడు. అమెరికా కంపెనీలనైతే అసలే నమ్మడు. మేము సెలవులకు ఏ ఊరు వెళ్ళాలనుకుంటున్నామో వాళ్ళకు తెలిస్తే కొంప మునుగుతుందని అతని భయం. అందుకని జర్మనీలోని ఓల్డెన్‌బుర్గ్‌లో మా ఇంటి నేలమాళిగలో, బట్టలుతికే మెషీన్ పక్కన, చెప్పుల డబ్బా అంత కంప్యూటరొకటి పెట్టి, సొంతంగా ఒక వెబ్‌సైటు నడుపుతున్నాడు. ఎవరికి ఏ ఊరు వెళ్ళాలనిపిస్తే ఆ ఊరిని అందులో పెట్టాలి. మిగతావాళ్ళు స్టార్లు వేయాలి. బంధువులూ, డెట్లెఫ్ లాంటి హౌకె స్నేహితులూ అందరూ సభ్యులే. పాటగోనియాకు ఐదు స్టార్లు వచ్చాయి. కమ్‌చాట్కాకూ ఐదు వచ్చాయి. ఆ సైటు పుట్టిన దగ్గర్నుంచి మేము మాత్రం ఊరి పొలిమేర దాటలేదు. వేసవి వచ్చేసరికల్లా దానికేదో మరమ్మతు వచ్చిపడేది.

మా అత్తగారు ఆల్మూట్ పై వాటాలో ఉంటారు. ఎప్పుడూ ఏదీ అడగని మనిషి, ఈ వసంతంలో టీ తాగుతూ కొడుకును ఒకే ఒక్కటి అడిగారు. యూస్ట్ దీవికి తీసుకెళ్ళమన్నారు. పొద్దున రైలెక్కి, రేవులో పడవ పట్టుకుంటే మధ్యాహ్నానికి చేరిపోయే చోటు. చిన్నప్పుడు ఆవిడ అక్కడి సత్రంలో గిన్నెలు కడిగారట.

“శరదృతువులో తుంటి ఆపరేషనంటున్నారు. ఆ తర్వాత కాలు నా మాట వింటుందో లేదో తెలీదు. ఈలోపే ఆ ఇసుకలో ఒక్కసారి నడవాలిరా, నీ చెయ్యి పట్టుకుని,” అన్నారు.

“తప్పకుండా అమ్మా. సైట్లో పెట్టు.”

“నీకిప్పుడే చెప్పాను కదరా.”

“నాకు చెప్తే ఎలా? అందరికీ ఒకటే పద్ధతి.”

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని కూర్చున్నారు. సైటు పాస్‌వర్డు అడిగింది. పోయిన మా మామగారి పేరు కొట్టారు. చాలా బలహీనంగా ఉంది, ఇంకొకటి ఇవ్వండి అంది. “మనిషీ అంతే. చలిగాలి తగిలితే మంచమెక్కేవారు,” అన్నారు అత్తయ్య. అంకె కలిపినా, పెద్దక్షరం కలిపినా అది ఒప్పుకోలేదు. చివరికి అతిథిగా లోపలికి వెళ్ళి యూస్ట్ అని రాశారు. అతిథుల కోరికలను నిర్వాహకుడు ఆమోదించాలట. ఆ నిర్వాహకుడు అదే బల్ల దగ్గర, అవతలి కుర్చీలో రొట్టెకు వెన్న రాసుకుంటున్నాడు.

వేసవి ముంచుకొచ్చింది. బట్టల బుట్ట పట్టుకుని నేలమాళిగలోకి దిగాను.

“అత్తయ్య యూస్ట్ ఏమైంది?”

“వరుసలో ఉంది.”

“వరుసలో ఇంకెవరున్నారు?”

“ఎవరూ లేరు.”

“మరి?”

“ఆమోదించే బటన్ బాగాలేదు. తిరగరాస్తున్నాను.”

“సరే, రాసుకో. నేను బట్టలుతకాలి. ఈ గొట్టం ఈమధ్య కారుతోంది. నీళ్ళు ఎటు పోతాయో నాకు తెలీదు, నీ డబ్బా నువ్వే చూసుకో.”

సాయంత్రానికల్లా యూస్ట్‌కు ఆమోదం దొరికింది.

పడవ టికెట్లూ సత్రంలో గదులూ హౌకె తనే మాట్లాడి, అన్నీ సైట్లో భద్రం చేశాడు. అతని ఈమెయిలు కూడా ఆ డబ్బాలోనే ఉంటుంది, ఇంకొకరి చేతిలో పెట్టడు. కాగితం మీద ఒక కాపీ తీసుకుందామంటే, “కాగితం పోతుంది వీబ్కే, ఇది పోదు,” అన్నాడు.

బయల్దేరే రోజు అత్తయ్య అందరికంటే ముందే కోటు గుండీలన్నీ పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. ఊరెళ్ళేముందు ఇంట్లో కరెంటు మెయిన్ ఆపడం, నీళ్ళ కుళాయి కట్టేయడం మామగారి నాటి నుంచి వస్తున్న ఆచారం. ఫ్రిజ్ ఖాళీ చేసి తలుపు బార్లా తెరిచిపెట్టాను. హౌకె కిందకి వెళ్ళి వచ్చాడు. “అన్నీ ఆపేశాను. పదండి,” అన్నాడు, పెద్ద పని చక్కబెట్టినవాడిలా.

యూస్ట్ పడవ సముద్రం పోటు మీదున్నప్పుడే కదులుతుంది. తప్పిపోతే మర్నాటిదాకా ఆగాల్సిందే. రేవులో కిటికీ వెనకున్న అమ్మాయి టికెట్లు చూపించమంది. హౌకె ఫోను తీసి నొక్కాడు. మళ్ళీ నొక్కాడు.

“సిగ్నల్ లేదు.”

“ఇక్కడ బాగానే వస్తుందండీ,” అంది ఆ అమ్మాయి.

అతను గట్టు చివరిదాకా వెళ్ళి ఫోను నెత్తి మీదికెత్తి పట్టుకున్నాడు. అప్పుడు వెలిగింది నాకు.

“హౌకే, మెయిన్ ఆపావు కదూ?”

అతని మొహం చూడాలి. నాకు నవ్వాగలేదు. కళ్ళ వెంట నీళ్ళొచ్చేదాకా నవ్వాను. అత్తయ్య నవ్వలేదు. పడవ వైపే చూస్తూ నిలబడ్డారు.

“పోనీలే, మళ్ళీ కొనుక్కుందాం,” అన్నాను.

“టికెట్ల సంగతి కాదే. సైటు పడిపోయింది. జనం ఊళ్ళు చూసుకునేదే ఇప్పుడు. డెట్లెఫ్ రోజూ తెరిచి చూస్తాడు. నా పరువేం కాను?”

“డెట్లెఫ్ ఎక్కడికెళ్తున్నాడు?”

“ఎక్కడికీ లేదు. అయినా చూస్తాడు.”

అత్తయ్య చేతిసంచిలోంచి నోట్లు తీసి కిటికీ దగ్గరికి వెళ్ళారు. ఎందరికని అడిగింది ఆ అమ్మాయి. అత్తయ్య వెనక్కి తిరిగి కొడుకు వంక చూశారు.

“ఇంటికెళ్ళి స్విచ్ వేసి, రేపటి పడవకి వచ్చేస్తానమ్మా. ఒట్టు,” అన్నాడు హౌకె.

“ఇద్దరికి,” అన్నారు ఆవిడ.

దీవిలో దిగాక సత్రానికి దారి ఎవర్నీ అడగక్కర్లేకపోయింది, అది ఆవిడ గిన్నెలు కడిగిన సత్రమే. కిటికీలోంచి సముద్రం కనిపిస్తున్నా ఆ సాయంత్రం ఆవిడ ఇసుకలోకి దిగలేదు.

“రెండడుగులు వేద్దామా అత్తయ్యా?”

“వాడు రానీ. ఈ కాలు రోజూ నడవదు. ఉన్న ఓపిక రేపటికి దాచుకుంటాను.”

మర్నాడు పడవ వేళకు ముందే ఇద్దరం రేవుకు వెళ్ళాం. పడవ వచ్చింది. పెట్టెలు దిగాయి, కుక్కలు దిగాయి, ఐస్‌క్రీమ్ కోసం ఏడుస్తూ పిల్లలు దిగారు. చివరి మనిషి దిగి, తాడు మళ్ళీ విప్పేదాకా అత్తయ్య కళ్ళు మెట్ల మీదే ఉన్నాయి.

నా ఫోను మోగింది. హౌకె మెసేజ్ పెట్టాడు. సైటు మళ్ళీ లేచిందట, ముందుకంటే చురుగ్గా ఉందట. మెయిన్ ఆపితే అది పడిపోతుంది, ఆపకుండా ఇల్లు వదిలి వెళ్ళడం తమ వంశంలోనే లేదు, కాబట్టి రావడం కుదరదట. ఫోటోలు పంపితే సైట్లోకి ఎక్కిస్తాడట. అమ్మ యూస్ట్‌కు తనే ఐదు స్టార్లు వేశాడట.

నాకు ఒళ్ళు మండిపోయింది. “ఇంటికెళ్ళాక ఆ డబ్బాను బట్టల మెషీన్లో వేసి తిప్పుతాను,” అన్నాను.

అత్తయ్య కళ్ళజోడు పెట్టుకుని అంతా చదివి, ఫోను నా చేతిలో పెట్టారు.

“మీ మామ మెయిన్ ఆపేది ఇల్లు తగలబడుతుందని కాదమ్మాయ్. ఆపేసి బయటపడ్డాక ఇంక ఇంటి మాట తలుచుకోకూడదని. వీడు స్విచ్చొక్కటే నేర్చుకున్నాడు.”

అని, సత్రం ముందున్న ఇసుక దగ్గరికి వచ్చాక చెప్పులు విప్పి చేత్తో పట్టుకున్నారు. అప్పటికి పోటు తగ్గి, నీళ్ళు వెనక్కి పోయి తడి ఇసుక గట్టిపడి ఉంది. నా మోచెయ్యి పట్టుకుని, ఒక్కో అడుగూ చూసి వేసుకుంటూ, నీళ్ళ అంచుదాకా నడిచారు. అక్కడ ఆగి, కళ్ళు తుడుచుకుని, గాలికి చెదిరిన జుట్టు సవరించుకున్నారు. నేను ఫోను పైకెత్తాను.

“ఫోటో వద్దు,” అన్నారు. “చూడాలనుంటే వచ్చేవాడు.”