నిర్మల స్కూటీ బడి

ఇబ్రహీంపట్నంలో ఆడవాళ్లకు స్కూటీ నేర్పే నిర్మల తన బడికి ఒక వెబ్‌సైట్ పెట్టించుకుంది. ఏడాది గడిచినా గూగుల్‌లో వెతికితే అది ఎక్కడో అడుగున ఉండేది. ఒకనాడు, తన దగ్గరే బండి నేర్చుకున్న నౌరీన్‌ను పిలిచి చూపించింది. వెబ్‌సైట్లు గూగుల్‌లో పైకి వచ్చేలా రాయడమే తుర్కయాంజాల్‌లో ఒక ఆఫీసులో నౌరీన్ చేసే పని.

నౌరీన్ చదివి నవ్వింది. "అక్కా, ప్రతి లైన్ల 'బెస్ట్ స్కూటీ ట్రైనింగ్' అనే ఉంది. గిది చదివితే ఎవలికేం తెలుస్తది? నీకు ఫోన్ చేసేటోళ్లు ఏమడుగుతరు?"

"సైకిల్ రాదు, నేర్చుకోవచ్చా అంటరు. యాభై ఏండ్లొచ్చినయ్, కింద పడితే ఎట్ల అంటరు. నేర్పేది ఆడోళ్లేనా అని అందరూ అడుగుతరు."

"గవే రాద్దాం. నువ్వు వాళ్లకేం చెప్తవో నాకు గట్లనే చెప్పు."

నిర్మల చెబుతుంటే నౌరీన్ టైపు చేసింది. పడ్డవాళ్ల సంగతి కూడా దాచలేదు. నెలలు గడిచేకొద్దీ పేజీ పైకి జరిగి, చివరికి మొదటి వరుసల్లోకి వచ్చింది.

ఒక మధ్యాహ్నం కొంగరకలాన్ నుంచి సత్తమ్మ అనే ఆవిడ ఫోన్ చేసింది.

"సైకిల్ రానోళ్లకు స్కూటీ వస్తదా అని గూగుల్ల అడిగిన. నీ మాటలొచ్చినయ్. ఇంట్ల అడిగితే నవ్వుతరని ఎవ్వలికీ చెప్పలే."

ఇట్లా అడగలేక ఆగిపోయినవాళ్లు ఇంకెంతమంది ఉన్నారోనని నిర్మలకు అనిపించింది.

"ఫికర్ చేయకు. రేపు పొద్దుగాల రా అక్కా," అంది.

సత్తమ్మ వచ్చింది. మొదటిరోజే బండిని గోడకు గుద్ది కింద పడింది. లేచి, చీరకంటిన దుమ్ము దులుపుకుని మళ్లీ తాళంచెవి తిప్పింది.