తడిచేతుల ఇంకు

"ఇంకు సంగతి నేను చూస్తాలే, నువ్వు ఆ చేపల పని కానియ్" అన్నాడు మా ఆయన కిరణ్ పాల్, సోఫాలోంచి కదలకుండా. శనివారం పొద్దున్న. నేను సింకు దగ్గర పొలుసు గీకుతున్నాను. ఆయన లాప్‌టాప్‌లో డై ఇంకు మంచిదా, పిగ్మెంట్ ఇంకు మంచిదా అని ఎవరెవరో మాట్లాడిన వీడియోలు చూస్తున్నాడు. ప్రింటర్ నాది. దాని మీద పని చేసేది నేను. ఇంకు తేల్చేది మాత్రం ఆయన. హైటెక్ సిటీ ఆఫీసులో యాప్‌లు పరీక్షించే ఉద్యోగం కాబట్టి కరెంటుతో నడిచే ప్రతిదాని మీదా తీర్పు చెప్పే హక్కు ఆయనకుందని మా ఇంట్లో ఒక నమ్మకం. మిక్సీ ఒక్కటే మినహాయింపు. అది చెడితే నేనే చూసుకోవాలి.

పాత ప్రింటర్ వానాకాలంలో పోయింది. కొత్తది నా చీటీ ఎత్తి కొన్నాను. ఆర్డరు పెట్టిన ఫోను ఆయనది కనుక బిల్లు ఆయన పేరుతో వచ్చింది. ట్యాంకులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి. సీసాలతో ట్యాంకుల్లోకి ఇంకు పోసుకునే ఈ రకంలో రెండు ఇంకుల్లో ఏదైనా పోయొచ్చు, కానీ ఒకదాంట్లో ఒకటి కలవకూడదు. మొదట పోసిందే ఖాయం. తర్వాత మనసు మార్చుకుంటే గొట్టాలన్నీ కడగాలి, ఒక్కోసారి ఇంకు చిమ్మే ప్రింట్ హెడ్డే పోతుంది. పెళ్ళిసంబంధంలా ఉందే అనుకుని, చేపల మీదకి వంగి నవ్వుకున్నాను.

భోజనాల వేళకి డై ఇంకే అని తేల్చి, సాయంత్రానికే వచ్చేలా ఆర్డరు కూడా పెట్టేశాడు. ఆయన చెప్పిన కారణాల్లో అబద్ధం లేదు. డై ఇంకులో రంగు పూర్తిగా కరిగి ఉంటుంది, కాగితంలోకి ఇంకిపోతుంది, ఫోటోలు నిగనిగలాడతాయి. పిగ్మెంటులో రంగు సన్నని పొడిలా ఉంటుంది, కాగితం పైన కూర్చుంటుంది, మెరుపు తక్కువ. పైగా తరచూ నడపకపోతే గట్టిపడుతుంది. నీళ్ళకి ఏది తట్టుకుంటుందన్న మాట ఆ వీడియోల్లోనూ ఉండే ఉంటుంది. ఆయన దాన్ని దాటేశాడు. నీళ్ళతో ఆయనకేం పని?

మా అత్తయ్య ఎస్తేరు గారికి కూడా మెరుపే కావాలి. ఆవిడా మామయ్యా పెళ్ళయి నలభై ఏళ్ళయిందని వచ్చే నెల కృతజ్ఞతా కూడిక పెడుతున్నారు. "హాల్లో ఫోటోలు పెడతామమ్మాయ్, అందరూ చూస్తారు" అంది. ఫోటోలు ఎవరు వేస్తారో అడగక్కర్లేదు. మరిది బోర్డింగ్ పాసులు, ఆడపడుచు పిల్లల స్కూలు ప్రాజెక్టులు, అపార్ట్‌మెంట్ వాళ్ళ లిఫ్టు నోటీసులు, అన్నీ నా చేతి మీదుగానే పోతాయి. "కరుణ ఇంట్లోనే ఉంటుంది, వేసి పంపిస్తుంది" అంటాడు కిరణ్ ఫోనులో. కాగితం, ఇంకు, నా మధ్యాహ్నం, మూడూ చుట్టరికం కింద పోతాయి. బయటివాళ్ళకి వేసే పని మొదలుపెడితే "కాలక్షేపం దొరికింది" అన్నారు. ఆ కాలక్షేపం వల్ల వచ్చిందే డైనింగ్ టేబుల్ మీద ఉన్న మెషీను.

నా వ్యాపారంలో పెద్ద పని డిసెంబరులో వచ్చేది. కొత్త సంవత్సరం ఆరాధనలో మా చర్చిలో పళ్ళెంలో వాగ్దాన కార్డులు పెడతారు. ఒక్కొక్కరూ ఒకటి తీసుకుంటారు. అందులో వచ్చిన వాక్యమే ఆ ఏడాదికి దేవుడు తమతో చెప్పిన మాటని నమ్ముతారు, ఏడాది పొడుగునా కళ్ళెదురుగా పెట్టుకుంటారు. కిందటేడు ఆ కార్డులు వేసింది నేనే, డై ఇంకుతో, కిరణ్ సలహా మీద. ఈ ఏడూ ఆ పని మాట్లాడ్డానికి ఆ మధ్యాహ్నమే మదీనాగూడలో స్త్రీల సమాజం కార్యదర్శి జాస్మిన్ ఇంటికెళ్ళాను. ఆమె నర్సు. డ్యూటీ నుంచి వచ్చి, బట్టలు కూడా మార్చుకోకుండా గిన్నెలు తోముతోంది. మాట్లాడుతూ సింకు పైన టైల్సు వైపు చూశాను. నా కార్డు అక్కడుంది. అక్షరాలు లేవు. వాక్యం ఉండాల్సిన చోట నీలం మరక, దాని కింద చారలు.

హాల్లో టీవీ పక్కన అద్దాల బీరువాలో వాళ్ళాయన శామ్యూల్ కార్డు ఉంది. నిన్న వేసినట్టే ఉంది.

జాస్మిన్ నా చూపు పట్టుకుంది. "మీ కార్డులో లోపమేం లేదండీ. నేనే తడిచేత్తో ముట్టుకున్నాను. నాకే బుద్ధి లేదు" అంది.

ఆటోలో తిరిగొస్తూ, స్త్రీల సమాజం వాట్సాప్ గ్రూపులో, కిందటేటి కార్డు ఎక్కడ అంటించారో ఫోటో తీసి పెట్టమని అడిగాను. మా కొండాపూర్ రాకముందే ఫోటోలు వచ్చిపడ్డాయి. పొయ్యి వెనక గోడ. గ్రైండరు పక్కన. వాషింగ్ మెషీన్ పైన. వాటర్ ఫిల్టర్ మూత మీద. ఒకావిడ వాష్ ఏరియాలో బట్టలుతికే చోట. ఆడవాళ్ళు నిలబడి రోజు గడిపే చోటల్లా ఒక మరక. ప్రతి ఫోటో కింద ఒక క్షమాపణ. సారీ సిస్టర్, ఆవిరి తగిలింది. సారీ అక్కా, చూసుకోలేదు. దేవుని మాట, జాగ్రత్త చేయలేకపోయాను, ప్రార్థించండి. ఒక్కరంటే ఒక్కరు కూడా నీ ఇంకు బాగాలేదు అనలేదు.

నాకు కోపం వచ్చింది. మొదట నా మీద, తర్వాత ఆ క్షమాపణల మీద. సరుకు నాది, లోపం నాది, సిగ్గు వాళ్ళదా? ఏ వ్యాపారంలో ఉంది ఈ పద్ధతి? మా అమ్మ కేపీహెచ్‌బీ కాలనీలో పాతబట్టలకి స్టీలు సామాన్లు ఇచ్చేది, నెత్తిన గంపతో. గిన్నె మెరుపు చూసి మురిసిపోయేవాళ్ళు వరండాలో మగవాళ్ళు. అమ్మ మాత్రం లోపల్నించి వచ్చిన ఆడమనిషి చేతులు చూసి గిన్నె తీసేది. దాన్ని తోమేది, ఎత్తేది, చేయి కాల్చుకునేది ఆమే కదా. కిందటేడు నేను వరండా వైపు చూసి ఇంకు కొన్నాను. మెరుపు చూసి మెచ్చుకున్నవాళ్ళు కార్డుని పర్సులో పెట్టుకుని వెళ్ళిపోయారు. తడిలో బతికేవాళ్ళకి మరక మిగిలింది. ఈసారి అది జరగడానికి వీల్లేదు. ట్యాంకులు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

ఆటోని అటు నుంచి అటే కూకట్‌పల్లికి పోనిమ్మన్నాను. అక్కడ ఇంకులమ్మే మొగిలి నాకు పాత పరిచయం. పిగ్మెంట్ సీసాలు అడిగితే వెంటనే తీయలేదు.

"అక్కా, జర ఆలోచించు. ఇది రోజు నడవాలె. పండబెట్టినవంటె హెడ్డు జామైతది. మల్ల నన్ననొద్దు."

రోజూ నడిపిస్తానన్నాను.

"సార్ ఏమంటడో మరి. మొన్న ఫోన్ జేసి డై రేటడిగిండు."

"సార్ నడపడు మొగిలీ. నేను నడుపుతా."

ఇక ఆ మాటకి తిరుగులేదన్నట్టు సీసాలు సంచిలో పెట్టాడు.

ఇంటికొచ్చేసరికి డై ఇంకు పార్శిల్ వచ్చేసింది. డైనింగ్ టేబుల్ మీద ట్యాంకుల మూతలన్నీ తెరిచి ఉన్నాయి. కిరణ్ చేతిలో నల్ల సీసా, బిరడా తీసేసి ఉంది. పక్కన అత్తయ్య ఆల్బం తెరిచి కూర్చుంది, ఏ ఫోటో ముందు వేయాలా అని.

"ఆ సీసా పక్కన పెట్టండి" అన్నాను.

ఆయన నవ్వాడు. నేను తెచ్చిన సంచి చూసి నవ్వు ఆపాడు. దీని గురించి వారం రోజులుగా చదువుతున్నానన్నాడు. నేను ఫోనులో ఫోటోలు చూపించాను. రెండు మూడు జరిపి, వంటగదిలో అంటిస్తే ఏ కార్డైనా పాడవుతుంది, అలా అంటించొద్దని వాళ్ళకి చెప్పాలిగానీ అన్నాడు.

"వాళ్ళు ఉండే చోటే అంటించుకుంటారు. నేను ఆ చోటుకి పనికొచ్చేదే వేస్తాను."

"సరే, పిగ్మెంటే అనుకుందాం. అది రోజూ వేయాలి, తెలుసా? నీకెక్కడ కుదురుతుంది? నాలుగు రోజులు చేసి వదిలేస్తావు."

ఈ మాటకి నాకు కోపం కూడా రాలేదు. పొద్దున పాలు కాచిన దగ్గర్నుంచి, మామయ్య బీపీ మాత్రలు, ఈయన టిఫిన్ డబ్బా, మోటారు స్విచ్చి, ఆరేసిన బట్టలు, రేపటికి నానబెట్టే పప్పు దాకా ఒకదాని వెనక ఒకటి కళ్ళ ముందు నడిచాయి. పెళ్ళయిన మర్నాటి నుంచీ వాటిలో ఒక్కటి కూడా జామైన రోజు లేదు.

"రోజూ చేయాల్సిన పని ఈ ఇంట్లో నేనేది వదిలేశానో ఒక్కటి చెప్పండి" అన్నాను.

ఆయన నోరు తెరిచి, వాళ్ళమ్మ వైపు చూశాడు. ఆవిడ ఆల్బం వైపు చూసింది.

"ఇంకు కోసం అంత గొంతెందుకమ్మాయ్" అంది పేజీ తిప్పుతూ.

"గొంతు పెంచలేదత్తయ్యా. మాట మార్చుకోలేదు, అంతే."

"మరి మా ఫోటోలు?"

"కొండాపూర్‌లో స్టూడియో ఉంది, మెరిసేలా వేస్తారు. మీ అబ్బాయి తీసుకెళ్తాడు. ఇక మీదట మరిదికైనా, ఆడపడుచుకైనా, ఈ మెషీను మీద ఏం కావాలన్నా నన్నే అడగమనండి. కుదిరితే వేస్తాను, కుదరకపోతే కుదరదని చెప్తాను."

కిరణ్ చేతిలోంచి సీసా తీసుకుని బిరడా బిగించాను. నేను తెచ్చిన సీసాలు ఒక్కొక్కటే వంచాను. రంగులు ట్యాంకుల్లోకి దిగాయి. ఇక వెనక్కి తీయడానికి లేదని ఆయనకీ తెలుసు. మెషీను మూలిగి, ఇంకు పీల్చుకుని, కాసేపటికి సిద్ధమయింది.

మొదట ఒక్క కార్డు వేశాను. ఆరనిచ్చి, వెళ్ళి చేతులకంటిన ఇంకు కడుక్కుని, తుడుచుకోకుండానే వచ్చి దాన్ని పట్టుకున్నాను. వాక్యం మీద బొటనవేలు పెట్టి గట్టిగా రుద్దాను. నీళ్ళు జారాయి. అక్షరం కదల్లేదు.

కిరణ్ నా భుజం మీంచి తొంగి చూశాడు. "చెప్పానా, నీలం ఎంత డల్‌గా ఉందో. మెరుపే లేదు. నేనైతే ఇలాంటిది పర్సులో పెట్టుకోను."

"పెట్టుకోవద్దు" అన్నాను. "ఇది మీ కోసం వేసింది కాదు."