అరవై రెండో నంబరు అతుకు

పదకొండో అంతస్తులోని ఈతకొలనులో నిలబడి అతను నలభయ్యో బకెట్టు నీళ్లు తోడి పారబోశాడు. ఆ కొలనులో ఇంతవరకూ ఒక్క మనిషీ ఈదలేదు. నాలుగేళ్లుగా అందులో దిగేది వాన ఒక్కటే, వాన వెలిసిన మర్నాడు అతను. పంపు ఒకటి ఉండేది, చెడిపోయింది. బాగుచేయించడానికి ఏ పక్షం సంతకం పెట్టాలో తేలక అదీ కోర్టు వ్యవహారంలో కలిసిపోయింది.

అది జనాన్ని సముద్రం మీద విహారానికి తిప్పడానికి కట్టడం మొదలుపెట్టిన ఓడ. పద్నాలుగు అంతస్తులు, పన్నెండు వందల గదులు, ఒక నాటకశాల. గదులకు తలుపుల్లేవు, నాటకశాలకు కుర్చీల్లేవు. కడుతూ ఉండగానే అడుగుభాగంలో ఒక అతుకు పగిలింది. పని చెడ్డదని కొనేవాళ్లు, ఉక్కు రేకు చెడ్డదని కట్టేవాళ్లు, మా రేకుకు వంక పెడతారా అని రేకు అమ్మినవాళ్లు, ముగ్గురూ కోర్టుకెక్కారు. తీర్పు వచ్చేదాకా ఎక్కడి పని అక్కడే ఆపమంది కోర్టు. పదకొండు వందల మంది ఇంటిముఖం పట్టారు. ఓడ పూర్తిగా తుప్పు పట్టకుండా కనిపెట్టుకుని ఉండటానికి ఆరుగురిని ఉంచారు. వాళ్లలో అతనొకడు.

అసలు పేరుతో జీతం రోజున తప్ప ఎవరూ పిలవరు. ఓడలు కట్టే ఆ యార్డులో అతని పేరు నెమ్మది. నడక నెమ్మది, మాట నెమ్మది, భోజనం మరీ నెమ్మది. యాభై ఏడేళ్లు, పొట్టి మెడ, మొరాయించే మోకాళ్లు. నిప్పురవ్వలు పడీ పడీ ముంజేతుల నిండా బియ్యపుగింజలంత తెల్ల మచ్చలు. ఉక్కు అతకడంలో ఆ నెమ్మదితనమే అతనికి పేరు తెచ్చింది. ఇరవై తొమ్మిదేళ్ల ఉద్యోగంలో అతను తొందరపడింది ఒక్కరోజే.

పది గంటలకు కోర్టు నియమించిన నిపుణురాలు వచ్చింది. మేనేజరు కబురు పెడితే నెమ్మది దీపం పట్టుకుని వాళ్ల ముందు ఓడ అడుగుకు దిగాడు. వంగితే తప్ప నిలవలేని చోటు. ఓడ వంపు వెంట వాలుగా పోయిన అతుకు రెండు నిలువుల పొడవుంది. కింది సగంలో వెంట్రుకంత పగులు. పైకొసన ఉక్కులోకి దిగగొట్టిన నంబరు, అరవై రెండు.

అతుకు ముగించినవాడు తన నంబరు కొట్టి పోవాలన్నది యార్డు ఆచారం. మొదలుపెట్టింది ఎవరన్నది ఎక్కడా రాయరు. షిఫ్టు మారి, ఒకరు సగంలో వదిలింది ఇంకొకరు అందుకుంటే, రెండోవాడి నంబరే పడుతుంది. అరవై రెండు, యార్డులో పొడుగు అని పిలిచే అతని స్నేహితుడిది. కింది సగం నెమ్మదిది.

"మొత్తం ఒక్కడే వేశాడా?" అని ఆమె అడిగింది.

"నంబరు అతనిదే కదా మేడమ్. పనిలోంచి అప్పుడే తీసేశాం" అన్నాడు మేనేజరు.

ఆమె నెమ్మది వైపు తిరిగింది. "మీరు అప్పుడు ఇక్కడే పనిచేశారుగా. మీకేమైనా తెలుసా?"

"గుర్తులేదండీ."

నాలుగేళ్ల కిందట విచారణలో అన్నదీ ఆ మాటే. అప్పుడు గొంతు వణికింది. ఇప్పుడు అదీ లేదు, నీళ్లు తాగినంత తేలిగ్గా వచ్చేసింది. అందుకే అతనికి మరింత సిగ్గేసింది. దీపం ఆమె మొహం మీద పడకుండా, తన మొహం మీద అసలే పడకుండా పట్టుకున్నాడు.

"రేకు ముక్కను రెండుసార్లు పరీక్షించాం, లోపమేమీ లేదు" అంటూ ఆమె చేతులు తుడుచుకుంది. "పనిలోనే తప్పుంది. రేపు నివేదిక ఇచ్చేస్తాను."

మేనేజరు ఫోను చెవికి ఆనించుకుంటూ గబగబా మెట్లెక్కిపోయాడు. నెమ్మది దీపంతో అక్కడే ఉండిపోయాడు. ఆ రోజు జరిగింది వెంట్రుకవాసి తేడా లేకుండా గుర్తుంది. భోజనానికి వెళ్తూ వెల్డింగ్ రాడ్లు బయటే వదిలేశాడు. వచ్చేసరికి చినుకులు పడి తడిశాయి. తడిసిన రాడ్లు వాడకూడదు, వేడిపెట్టెలో పెట్టి ఆరబెట్టాలి. లేకపోతే అతుకు పైకి నున్నగానే ఉంటుంది, లోపల చెడుతుంది. పెట్టె తొమ్మిది నిచ్చెనల పైన ఉంది. మోకాళ్లు నొప్పి. చొక్కాతో తుడిచి వాడేశాడు. కారణం ఇంకాస్త పెద్దదై ఉంటే బావుండేదని అతను నాలుగేళ్లుగా అనుకుంటూనే ఉన్నాడు. పెళ్లాం ఆస్పత్రిలో ఉందనో, కూతురికి ఒళ్లు కాలిపోతోందనో. అదేం లేదు. ఒళ్లు బద్ధకం, అంతే.

మధ్యాహ్నం భోజనం డబ్బా మూత కూడా తీయలేదు. నాలుగింటికి షిఫ్టు దిగి, నాలుగు నారింజపళ్లు కొని, పొడుగు ఇంటికి వెళ్లాడు.

పొడుగు ఏడాదిగా ఊపిరితిత్తుల జబ్బుతో మంచం మీద ఉన్నాడు. ఇంకెన్నో రోజులు లేవని డాక్టరు చెప్పేశాడు. మనిషికి మంచం చాలక పాదాలు బయటికి ఉన్నాయి. అతని భార్య మందుల షాపుకు వెళ్లింది.

"చూశావా, నాకంటే ముందు నా కాళ్లే బయల్దేరాయి" అన్నాడు పొడుగు ఆయాసపడుతూ. "వచ్చిందా ఆవిడ? రేకుదే తప్పని తేలిందా?"

"రేకు మంచిదేనట."

"అట్లా ఎట్లా అంటుంది? నువ్వేశావు, నేనేశాను. ఇంక చెడేది రేకు కాకపోతే ఏంటి?"

నెమ్మది పళ్ల సంచీ ఒళ్లోనే పెట్టుకుని కూర్చున్నాడు. "ఆ రోజు రాడ్లు తడిశాయిరా. చొక్కాతో తుడిచి వాడేశాను. పెట్టె దాకా ఎక్కడానికి బద్ధకించాను."

పొడుగు తల అతని వైపు తిప్పాడు. "ఎంత తడి?" అన్నాడు.

"చినుకులే."

"చినుకులైతే ఏంటి, చెంబుడైతే ఏంటి!" దగ్గు ముంచుకొచ్చింది. తగ్గాక గొంతు సన్నగిల్లింది కానీ కోపం తగ్గలేదు. "కింది సగం నీదని నేనెవరికీ చెప్పలేదు. ఎందుకో తెలుసా? నీ చెయ్యి తప్పదని. రేకుదే తప్పని కోర్టు తేలుస్తుందని. ఈలోగా ఇద్దరం ఇంట్లో కూచుంటే ఎవరికి లాభమని."

"తెలుసు."

"తెలిసే నారింజపళ్లు తెచ్చావు. వారానికి రెండుసార్లు."

నెమ్మది తలెత్తలేదు. చెంపదెబ్బ కొట్టినా బావుండేది, మంచం మీది మనిషికి ఆ ఓపిక లేదు.

"నాకు చెప్తే ఏమొస్తుంది? పోయి వాళ్లకి చెప్పు. కాగితం మీద రాసి సంతకం పెట్టు. నా దగ్గరికి పట్రా. నేను చదవాలి."

"రేపు పొద్దున్నే..."

"నీ నెమ్మది తగలెయ్య! ఇవాళే పో."

ఆఫీసుకు చేరేసరికి అయిదుంపావు. గుమాస్తాను అడిగి కాగితాలు తీసుకుని బయట బల్ల మీద కూర్చుని రాశాడు. రాడ్లు, చినుకులు, తొమ్మిది నిచ్చెనలు, చొక్కా, అన్నీ రాశాడు. పగిలిన సగం నాది, అరవై రెండో నంబరు మనిషిది కాదు అని ముగించాడు. పేజీన్నర అయింది. సంతకం పెట్టాక తెలిసింది, చొక్కా చెమటతో తడిసి వీపుకు అంటుకుపోయిందని.

మేనేజరు గదిలో యార్డు లాయరు ఫైళ్లు కట్టలు కట్టిస్తున్నాడు. నెమ్మది ఇచ్చిన కాగితాలు నిలబడే చదివాడు, మళ్లీ ఒకసారి చదివాడు.

"పెద్దాయనా, ముగ్గురూ మూడింటికే రాజీపడిపోయారు. నెల్లాళ్లుగా నానుతున్నది ఇవాళ తేలింది. ఎవరిదీ తప్పు కాదని రాసుకున్నారు. ఓడని ఉన్నది ఉన్నట్టు అమ్మేస్తారు. ఇక కేసు లేదు."

"మరి అరవై రెండు?"

"అరవై రెండేంటి?"

"ఆ నంబరు మనిషి. పనిలోంచి తీసేశారు కదండీ. తప్పు అతనిది కాదని ఒక్క ముక్క రాసివ్వండి."

"ఎవరి గురించీ ఏమీ రాయకూడదన్నదే ఒప్పందం." లాయరు కాగితాలు మడిచి అతని జేబులో తనే పెట్టాడు. "ఇది మీరివ్వలేదు, నేను చూడలేదు. హాయిగా ఇంటికెళ్లి పడుకోండి."

తిడతారని, గెంటేస్తారని, పోలీసులకు చెప్తారని అనుకుని వచ్చాడు. ఎవరూ ఏమీ అనలేదు. నాలుగేళ్లు మోసిన సిగ్గు దించుకుందామని వస్తే, దాన్ని అందుకునే చెయ్యే లేదు. కుర్రాళ్లు చూస్తున్నారని కూడా పట్టించుకోకుండా అతను వీధిలో దాదాపు పరుగెత్తాడు. కాగితం తీసుకున్నారని పొడుగుకు చెప్పాలా, తీసుకోలేదని చెప్పాలా అని దారంతా ఆలోచించాడు. గుమ్మం దగ్గర చాలా చెప్పుల జతలున్నాయి. ఇక ఆలోచించాల్సిన పని లేకపోయింది.

పొడుగు భార్య గోడకు ఆనుకుని నిలబడి ఉంది. "ఇప్పుడే అన్నయ్యా, పావుగంట అయింది. నేను మందు కలిపి తెచ్చేలోపే" అంది. "మీరెళ్లిన దగ్గర్నుంచీ ఒకటే గొడవ, కళ్లజోడు ఇమ్మని. కాస్త నిద్రపోండంటే వినలేదు. వాడు కాగితం తెస్తాడు, చదవాలి అని. ఏం కాగితం అన్నయ్యా?"

జేబులోంచి తీసి ఆమె చేతికిచ్చాడు. ఆమె వీధి గుమ్మం వెలుతురులో చివరిదాకా చదివింది. చదివాక అతన్ని లోపలికి రమ్మనలేదు, పొమ్మనీ అనలేదు.

అతను గడప బయటే నిలబడ్డాడు. దుప్పటి మొహం మీదికి కప్పారు, పాదాలు మాత్రం కప్పలేకపోయారు. తలగడ పక్కన కళ్లజోడు ఉంది, తుడిచిపెట్టిన అద్దాలతో, రెండు కాళ్లూ తెరిచి.