రెండో పరీక్ష

మత్తు యంత్రం గొట్టం మూతిని అరచేత్తో మూసి, లోపల గాలి నింపి, ఒత్తిడి ముల్లు వంక చూస్తూ ఆవిడ మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటోంది. ముల్లు దిగలేదు. పదిహేను దాకా లెక్కపెట్టి చెయ్యి తీసేసింది. గాలి బుస్సుమంటూ పోయింది. రోగి వదిలిన గాలిని శుభ్రం చేసే డబ్బాలోని తెల్లని సున్నపు గుళికలు ఇంకా ఊదారంగుకు తిరగలేదు. మందు గాజు కిటికీలో గీత దాకా ఉంది. ఒక్కొక్కటీ చూసి పుస్తకంలో టిక్కు పెట్టింది.

ఇరవై తొమ్మిదేళ్లుగా ఆ ఆపరేషన్ థియేటర్‌లో ఆవిడ పని ఇదే. రోగికి మత్తు ఇచ్చేది డాక్టరు. ఆ మత్తు ఎంత కావాలంటే అంతే, రవ్వ ఎక్కువా తక్కువా కాకుండా యంత్రంలోంచి వచ్చేలా చూసేది ఈవిడ. అందరూ ముక్కక్క అంటారు. ఎప్పుడో ఒకసారి వరండాలో పోతూ పోతూ ఆగి, ముక్కు ఎగబీల్చి, "ఆ చివరి గదిలో గ్యాసు లీకవుతోంది, చూడండి" అందట. మీటరు పట్టుకుని వెతికితే నిజంగా అక్కడే దొరికింది. ఆ పేరు అప్పటిది. పైకి విసుక్కునేది గానీ, ఆ పేరంటే ఆవిడకు లోలోపల మురిపెమే.

పుస్తకం ప్రకారం లీకు పరీక్షలు రెండు. మందును ఆవిరిగా మార్చి వదిలే వేపరైజరును మూసి ఉంచి ఒకటి, తెరిచి ఉంచి ఒకటి. దాన్ని యంత్రానికి కలిపే అతుకులో లోపం ఉంటే, మూసి ఉన్నంతసేపూ అది బయటపడదు. ఈ రెండో పరీక్షను ఆవిడ ఎన్నడో మానేసింది. మీట తిప్పి, అతుకు దగ్గర ముక్కు పెట్టేది. మత్తుమందు తీపి వాసన తగలకపోతే సరే అనుకునేది. ఇవాళా ఏ వాసనా తగల్లేదు. టిక్కు పెట్టేసింది.

నిజానికి మూడు వారాలుగా ఆవిడకు ఏ వాసనా తగలడం లేదు. జలుబు వచ్చింది, పోయింది. పోతూ పోతూ వాసనను కూడా పట్టుకుపోయింది. పొద్దున పొయ్యి మీద పాలు అడుగంటుతుంటే, నాలుగడుగుల దూరంలో కూర్చుని తాపీగా జడ వేసుకుంటోంది. చెల్లెలు పరుగున వచ్చి పొయ్యి కట్టేసింది.

"వీధి చివరిదాకా కొడుతోంది మాడువాసన! నీ ముక్కుకేమైందక్కా?"

"జలుబేలేవే. అదే తగ్గుతుంది."

"మీ డాక్టర్లకి చెప్పావా?"

"ముక్కక్కకి ముక్కు పనిచెయ్యట్లేదని చెప్పమంటావా? నవ్విపోతారు."

ఆ రోజు మొదటి రోగి ఒక పోస్ట్‌మ్యాన్. పిత్తాశయంలో రాళ్లు. బల్ల మీద పడుకుని, లైటు వంక భయంభయంగా చూస్తూ అడిగాడు.

"మత్తులో ఏమైనా వాగుతానా అమ్మా? మా ఆవిడ బయటే కూర్చుంది."

"వాగినా మేం విననట్టే ఉంటాం లెండి." డాక్టరమ్మకు మాస్కు అందిస్తూ అంది ముక్కక్క.

మత్తు డాక్టరమ్మ చిన్నది, ఉద్యోగంలో చేరి రెండేళ్లు. అతన్ని నిద్రపుచ్చి, కండరాలు సడలే మందు ఇచ్చి, వేపరైజరును రెండు శాతం దగ్గర పెట్టింది. సర్జను కోత మొదలుపెట్టాడు.

ఇరవై నిమిషాలు గడిచాయి. డెబ్బై ఉన్న నాడి తొంభై అయింది, నూట పది అయింది. బీపీ ఎగబాకింది. డాక్టరమ్మ మీటను మూడుకు తిప్పింది.

"మూడు పెట్టినా స్క్రీను మీద అర శాతమే చూపిస్తోందేంటి? ఈ మీటరు గానీ చెడిపోయిందా అక్కా?"

ముక్కక్క స్క్రీను చూడలేదు. రోగికి ఊపిరి పంపుతూ గాజు గొట్టంలో లేచి పడే తిత్తిని చూసింది. అది పై అంచుదాకా లేవడం లేదు. ఆ వెంటనే రోగి ముఖం చూసింది. మూసిన కంటి కొసలో నీటిబొట్టు. కండరాలు సడలే ఆ మందు ఇచ్చాక మనిషికి మెలకువ వచ్చినా వేలు కదపలేడు, అమ్మా అనలేడు. ఆవిడ చప్పున వంగి, వేపరైజరు అతుకు మీద అరచెయ్యి పెట్టింది. సన్నగా, చల్లగా గాలి తగిలింది.

"ఇక్కడ పోతోందమ్మా! మీరు నరంలోకి మత్తు ఇచ్చెయ్యండి, ముందు అది! దీన్ని కట్టేసి పక్క వేపరైజరు తెరుస్తున్నా."

డాక్టరమ్మ సిరంజి ఎత్తింది. సర్జను చేతులు ఆగిపోయాయి. ఒక నిమిషం, ఒకటిన్నర నిమిషం. స్క్రీను మీద అర శాతం ఒకటైంది, ఒకటిన్నరైంది. నాడి నెమ్మదిగా దిగింది. తర్వాత విప్పి చూస్తే అతుకులోని నల్ల రబ్బరు రింగు బీటువారి ఉంది.

మధ్యాహ్నం పోస్ట్‌మ్యాన్ కళ్లు తెరిచేసరికి ముక్కక్క మంచం ఊచ పట్టుకుని నిలబడి ఉంది. భోజనానికి వెళ్లలేదు.

"ఇంకెప్పుడు మొదలుపెడతారమ్మా?" అన్నాడతను ముద్దముద్దగా.

"అయిపోయిందండీ. మీకు... ఏమైనా గుర్తుందా?"

"ఏం గుర్తుంటుంది? ఇప్పుడేగా పడుకున్నాను." గొంతు తగ్గించి, "ఏమైనా వాగానా?" అన్నాడు.

"ఒక్క ముక్క కూడా వాగలేదు." అంటూనే గోడవైపు తిరిగి ముఖం తుడుచుకుంది.

సాయంత్రం పుస్తకం తీసుకెళ్లి డాక్టరమ్మ ముందు పెట్టింది. పొద్దుటి టిక్కును ఎర్రసిరాతో కొట్టేసి, పక్కన 'ఈ పరీక్ష చేయలేదు. చాలా ఏళ్లుగా చేయడం లేదు' అని రాసి, కింద సంతకం పెట్టింది.

డాక్టరమ్మ చదివి పుస్తకం మూసింది. "రబ్బరు రింగుదే తప్పని అందరూ అనుకుంటున్నారక్కా. మీరు చెప్పకపోతే ఎవరికీ తెలిసేది కాదు."

"అందుకేనమ్మా చెబుతున్నది. నన్ను చూసి నేర్చుకున్నవాళ్లు ముగ్గురున్నారు. వాళ్లూ వాసన చూసే వదిలేస్తున్నారు. నాకైతే మూడు వారాలుగా ఆ వాసనా తెలియట్లేదు, ఇక ఉద్యోగం మానేస్తాను."

"ఇంకో ఏడు నెలల్లో రిటైరవుతారు కదా. స్టోర్‌లో కూర్చోండి పోనీ."

"వద్దమ్మా. అక్కడ కూర్చుంటే పొద్దస్తమానం ఇటే చూస్తుంటాను."

రెండు వారాలుండి, ఆ ముగ్గురి చేతా రోజూ రెండు పరీక్షలూ చేయించింది. చివరిరోజు ఎవరో టీలు తెప్పించారు. "వాసనెలా ఉంది ముక్కక్కా?" అని ఎవరో నోరుజారి, నాలుక కరుచుకున్నారు. "వేడిగా ఉంది" అని నవ్విందావిడ. కప్పు కడిగి బోర్లించి, సంచీ భుజాన వేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు యంత్రం దగ్గరికి వచ్చినవాళ్లకు వేపరైజరు మీట పైన తెల్ల ప్లాస్టరు ముక్క కనిపించింది. దాని మీద నీలం పెన్నుతో, ఆవిడ గుండ్రటి అక్షరాల్లో 'తెరిచి కూడా చూడండి' అని ఉంది. రోజూ స్పిరిటుతో తుడిచినప్పుడల్లా ఆ అక్షరాలు కాస్త కాస్త చెరుగుతుంటాయి. ఎవరో ఒకరు, చేతికందిన పెన్నుతో, వాటి మీదే మళ్లీ దిద్దుతుంటారు.