టిక్కు పెట్టని పేరా

మా ఆయన రామచంద్రరావుకి కాగితమంటే భయమూ భక్తీ రెండూనూ. కాకినాడ కలెక్టరేట్‌లో స్టెనోగా చేరిన కొత్తలో ఎవరో పెద్ద గుమాస్తా ఆయనకి ఒక పద్ధతి నేర్పాడట. టైపు చేసిన ప్రతి కాగితాన్నీ ఒకరు పైకి చదవాలి. ఇంకొకరు రెండో ప్రతిలో వెంట చూసుకుంటూ, పేరా సరిపోగానే మార్జిన్‌లో ఎర్ర పెన్సిల్‌తో టిక్కు పెట్టాలి. దాన్ని కంపేరింగ్ అంటారు. చదివినవాడు టిక్కు పెట్టకూడదు, పెట్టినవాడు చదవకూడదు. కాకినాడ వదిలి ఖతర్‌లోని దోహాకి వచ్చి పదకొండేళ్ళయినా, ఇక్కడి సర్కారు ఆఫీసులో కంప్యూటర్లు వచ్చేసినా, ఆయన మాత్రం ఆ పద్ధతిని వదల్లేదు. ఆఫీసులో కంపేరింగ్‌కి ఎవరికీ ఓపిక లేకపోవడంతో, పై అధికారి అనుమతి తీసుకుని కాగితాలు ఇంటికి తేవడం మొదలుపెట్టారు. అలా నేను జీతం లేని గుమాస్తానయ్యాను.

తొంభై ఎనిమిది మార్చిలో ఆయన తెచ్చిన కాగితాలు మామూలువి కావు. ఐక్యరాజ్యసమితి వారి బాలల హక్కుల ఒడంబడికని ఈ దేశం మూడేళ్ళ కిందట ఆమోదించింది. దాన్ని ఎలా అమలు చేస్తున్నారో చెబుతూ జెనీవాకి మొదటి నివేదిక పంపాలి. దాని ఇంగ్లీషు ప్రతి టైపు చేసే బాధ్యత మా ఆయన మీద పడింది. సాయంత్రం టీ అవగానే ఆయన సోఫాలో నిటారుగా కూర్చుని, కామాలూ ఫుల్‌స్టాప్‌లతో సహా చదువుతుంటే, నేను బీన్స్ తుంచుతూ టిక్కులు పెట్టేదాన్ని. నాకు ఆ ఒడంబడిక అధికరణాలు నెంబర్లతో సహా వచ్చేశాయి. నాకే కాదు, రమీజాకి కూడా.

రమీజాకి ఆరేళ్ళు. ఉమ్ ఘువైలినా పేటలో మా ఫ్లాటుకి వెనక వీధిలో ఒక ఖతర్ దేశస్థుల విల్లా ఉంది. రాయచోటి నుంచి వచ్చిన రఫీ అక్కడ డ్రైవరు, అతని భార్య హుస్సేన్‌బీ వంటమనిషి. ఆ పిల్ల వాళ్ళ కూతురు, ఇక్కడి ఆసుపత్రిలోనే పుట్టింది. సాయంత్రాలు నా దగ్గర అక్షరాలు నేర్చుకోవడానికి వస్తుంది. హుస్సేన్‌బీ నన్ను అక్కా అంటుంది గనక పిల్లకి నేను పెద్దమ్మనయ్యాను. మా ఆయన్ని వాళ్ళమ్మ సారు అంటుంది, నా వరసన పెదనాన్న కావాలి. ఏదీ వదులుకోవడం ఇష్టం లేక రమీజా ఆయన్ని సారు పెదనాన్నా అని పిలిచేది. ఆయన చదువుతుంటే ఎదురుగా మఠం వేసుకుని కూర్చుని, ఆయన కంటే ముందే "కామా" అనేది. అ ఆ లు పూర్తిగా రాకముందే దానికి కామాలూ ఫుల్‌స్టాప్‌లూ వచ్చాయి.

ఆ వారం పిల్ల దిగులుగా ఉంది. ఏమైందే అని అడిగితే ముందు చెప్పలేదు. తర్వాత నా కొంగు వేలికి చుట్టుకుంటూ, "నేను ఏం తప్పు జేసినా పెద్దమ్మా? అమ్మ నన్ను పక్కన పండుకోనీయడం లేదు. గోడకాడ వేరే పక్క ఏసింది," అంది.

నాకు ఒళ్ళు మండింది. మర్నాడు హుస్సేన్‌బీ పిల్లని దింపడానికి వచ్చినప్పుడు గుమ్మంలోనే పట్టుకున్నాను. "పసిదాన్ని అలా విడిగా పడుకోబెట్టడానికి నీకు మనసెలా ఒప్పిందే?"

ఆమె ముందు కొంగు నోట్లో కుక్కుకుంది. తర్వాత లోపలికి వచ్చి వంటింట్లో నేల మీద కూలబడింది.

"అలవాటు జేస్తాండా అక్కా. వచ్చే శుక్రవారం మా ఊరి రసూల్ అన్న లీవు మీద పోతాండాడు. పిల్లను తోడిచ్చి ఊరికి పంపియ్యాల. ఆడ నేనుండను గదా. ఇప్పుడే అలవాటు గాకపోతే అది యాడ నిద్రపోతాది?"

సంగతి మెల్లగా బయటికొచ్చింది. బడిలో చేర్చాలంటే పుట్టిన కాగితం కావాలి. అడ్మిషన్లకి ఇంక పది రోజులే గడువు. విల్లా యజమానురాలు, ఇక్కడి అరబ్బీ ఇళ్ళ వాడుకలో వీళ్ళు మామా, అంటే అమ్మగారూ, అని పిలిచే ఆవిడ, మంచిదే. "బడీ చదువూ లేకుండా పిల్లని నా వంటింట్లో పెంచడం పాపం. ఇక్కడ చేర్చలేకపోతే ఊరికి పంపి చదివించండి," అని చెప్పిందట. అందులో తప్పు పట్టడానికేముంది?

"ఏదీ ఆ కాగితం?" అన్నాను.

"ఊర్లో."

రఫీకి విలువైన వస్తువు ఏది దొరికినా ఊరికి పంపేయడం అలవాటు. అతనే కాదు, ఇక్కడి మన డ్రైవర్లందరిదీ అదే తీరు. ఈ రోజు ఈ గది, రేపు ఏ గదో తెలియని బతుకులో కాగితాలెక్కడ దాస్తారు? అందుకని పిల్ల పుట్టిన నెలలోనే లీవు మీద పోతున్న హనుమప్ప అనే తోటి డ్రైవరు చేతికిచ్చి, అమ్మ దగ్గర పొలం పాసుపుస్తకంతో పాటు పెట్టెలో పెట్టించాడు.

"అయితే తెప్పించండి! ఊరికే ఏడిస్తే వస్తుందా?"

"చెదలు తినేసినాయంట అక్కా." ఆమె గొంతు దాదాపు వినపడలేదు. "పోయిన నెల ఫోన్ జేస్తే అత్త జెప్పింది. పాసుపుస్తకం అట్టలు మిగిలినాయి, పిల్ల కాగితం పొడి పొడి అయిపోయింది. ఎవురికీ జెప్పలే. సర్కారు కాగితం పోగొట్టినామంటే మమ్మల్ని కూడా పంపిచ్చేస్తారేమోనని భయం. మామాకు గూడా ఊర్లో ఉండాదనే జెప్పినాము."

నేను తిట్టాలనుకుని నోరు తెరిచి, ఆమె చేతులు చూసి మూసుకున్నాను. వేళ్ళ నిండా ఉల్లిపాయల వాసన. ఎవరికి చెప్పాలో తెలియని భయాన్ని నెల రోజులు ఆ చేతులతోనే వండి వడ్డించింది. నాకు దాని మీద జాలితో పాటు బోలెడంత ప్రేమ పుట్టుకొచ్చింది. దాన్ని దాచుకోవడానికి "ముక్కు తుడుచుకో" అని కసిరాను.

ఆ సాయంత్రం మా ఆయన ఏడో అధికరణం కింద రాసిన పేరా చదివారు. దేశంలో పుట్టిన ప్రతి బిడ్డ జననాన్నీ నమోదు చేస్తున్నారు, కామా, ప్రతి బిడ్డకీ ధ్రువపత్రం అందుతోంది, ఫుల్‌స్టాప్. చదివి టిక్కు కోసం ఆగారు.

నేను పెన్సిల్ బల్ల మీద పెట్టేశాను.

"ఏం, తేడా ఏమైనా ఉందా?"

"ఉంది. కాగితంలో కాదు, వెనక వీధిలో ఉంది." హుస్సేన్‌బీ చెప్పిందంతా చెప్పాను.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. "పాపం. కానీ సుబ్బూ, టిక్కు అంటే ఈ ప్రతి ఆ ప్రతితో సరిపోయిందని. అంతే. రాసింది నిజమా కాదా అని మనల్ని ఎవరూ అడగలేదు."

"ప్రతికి సరిపోతే చాలా? పిల్లకి సరిపోవద్దా? ఈ పేరాకి మాత్రం నేను టిక్కు పెట్టను. కావాలంటే మీరే పెట్టుకోండి."

కోపంలో అనేశాను గానీ, ఆయన పెట్టుకోలేరని నాకు తెలుసు. చదివినవాడు టిక్కు పెట్టడమా! ముప్పై ఏళ్ళ సర్వీసులో చేయని పని. పెన్సిల్ వైపు ఒకసారి చూశారు. నా వైపు ఒకసారి చూశారు. తర్వాత ఆ పేజీని ఫైల్లో పెట్టుకుని, ఉప్మా కూడా తినకుండా వెళ్ళి పడుకున్నారు. నాకు జాలేసింది. అయినా తగ్గలేదు.

మర్నాడు జరిగింది ఆయన నోటివెంటే విన్నాను. ఆఫీసులో ముదీర్, అంటే వాళ్ళ పై అధికారి, పేజీలు తిరగేస్తూ ఒక చోట ఆగాడట. నూట నలభై పేజీల్లో టిక్కు లేని పేరా అదొక్కటే.

"ఇదేంటి రావ్, మర్చిపోయావా?"

ఇంటి విషయం ఆఫీసులో ఎత్తని మనిషి మా ఆయన. నాకు ఆపరేషన్ జరిగినప్పుడు కూడా "సొంత పని" అని రాసి సెలవు పెట్టిన ఘనుడు. ఆ రోజు మాత్రం నిలబడి, చెమటలు కక్కుతూ, "నా భార్య ఒప్పుకోలేదు సార్," అన్నారట. చెదలతో సహా మొత్తం చెప్పేశారట.

ముదీర్ మొహం గంటు పెట్టుకున్నాడు. "నీ భార్యకి చెప్పు, ఈ పేరా అబద్ధం కాదు. పిల్ల ఇక్కడ పుట్టిందన్నావు కదా, అయితే జననాల పుస్తకంలో ఉంటుంది. మన పుస్తకానికి చెదలు పట్టలేదు. నకలు కావాలని వాళ్ళు ఎప్పుడైనా అడిగారా?"

"లేదు సార్. భయపడ్డారు."

ముదీర్ ఆ పేరా ఇంకోసారి చదివాడట. చివరికి పేజీని మా ఆయన వైపు జరిపాడు. "యల్లా, పద రావ్. తండ్రినీ, యజమాని ఉత్తరాన్నీ తీసుకుని జననాల నమోదు విభాగానికి వెళ్ళు. వచ్చాక ఈ పేజీ నాకివ్వు. అప్పటిదాకా ఇది నీ దగ్గరే ఉండనీ."

నా మొహం చిన్నబోయింది. పుస్తకంలో పిల్ల ఉందన్న మాట నాకెందుకు తట్టలేదు? దేశం మీద ఎగిరాను, మొగుడి మీద ఎగిరాను. అడిగితే వస్తుందన్న సంగతి అడగడానికి భయపడేవాళ్ళకి ఎవరు చెబుతారన్నది మాత్రం నా కోపంలో మిగిలిపోయింది. అది ఇప్పటికీ ఉంది.

మామాతో నిజం చెప్పడానికి రఫీకి రెండు రోజులు పట్టింది. విన్నాక ఆవిడ వీళ్ళని పంపించేయలేదు సరికదా, ఇన్నాళ్ళు దాచినందుకు తలుపు అదిరేలా తిట్టి, అక్కడికక్కడే ఉత్తరం రాయించి ఇచ్చిందట. బుధవారం మా ఆయన సగం రోజు సెలవు పెట్టారు. సెలవు చీటీలో ఈసారి "సొంత పని" అని రాయలేదు, "ఏడో అధికరణం" అని రాశారు! ముదీర్ నవ్వి సంతకం పెట్టాడట.

నమోదు విభాగంలో గుమాస్తా తొంభై రెండు జనవరి నెల పుస్తకం తీసి, వేలితో వరస వెంట దిగుతూ వచ్చి ఒక చోట ఆపాడు. తండ్రి పేరు, తల్లి పేరు, ఆడపిల్ల, రమీజా. పది నిమిషాలు కూడా పట్టలేదు. ఆరేళ్ళుగా పిల్ల అక్కడే ఉంది. రఫీ ఆ పుస్తకాన్ని ముట్టుకోవచ్చా అని అడిగాడట.

మర్నాడు నకలు చేతికి వచ్చింది. సాయంత్రం అందరూ మా ఇంట్లోనే ఉన్నారు. హుస్సేన్‌బీ మా పద్ధతి ఎన్నోసార్లు చూసింది కదా, "నువ్వు జదువు అక్కా, సారు జూస్తాడు. తప్పులు లేకుండా ఉండాల," అంది. అలా ఆ ఒక్క రోజు నేను చదివాను, ఆయన హుస్సేన్‌బీ పాస్‌పోర్టు పట్టుకుని వెంట చూశారు. అన్నీ సరిపోయాయి.

రఫీ కాగితాన్ని జాగ్రత్తగా మడిచి జేబులో పెట్టుకుంటూ, "రసూల్ అన్న రేపు పోతాండాడు గదా. ఆయన చేతికిస్తే మా అమ్మ ఈసారి కొత్త పెట్టెలో..." అన్నాడు.

ముగ్గురం ఒక్కసారే అరిచాం. అతను బిత్తరపోయి, కాగితం తీసి నా చేతిలో పెట్టాడు. అది మా బీరువాలోనే ఉండాలని తీర్మానం అయింది. పిల్ల పేరు బడిలో రాయించడానికి శనివారం అందరం వెళ్ళాలని కూడా.

మా ఆయన ఫైల్లోంచి ఆ పేజీ తీసి నా ముందు పెట్టారు. నేను మారుమాట లేకుండా టిక్కు పెట్టాను. కొంచెం పెద్దదే పెట్టాను.

రమీజా ఇదంతా గమనిస్తూ కూర్చుంది. ఊరి ప్రయాణం గురించి దానికి ఎవరూ చెప్పలేదు, అది ఆగిపోయిందనీ చెప్పలేదు. పిల్ల మెల్లగా లేచి ఆయన మోకాలి మీద చెయ్యి వేసింది.

"సారు పెదనాన్నా, అమ్మ పక్కన పండుకోవచ్చని నీ బుక్కులో ఉందా?"

హుస్సేన్‌బీ గోడ వైపు తిరిగిపోయింది.

ఉంది తల్లీ అనేస్తే సరిపోయేది. కానీ ఆయన కాగితం చూడకుండా ఏదీ అనరు. ఒడంబడిక ప్రతి తీసి, కళ్ళజోడు సర్దుకుని, పేజీలు తిప్పారు. నేనూ అలవాటుగా రెండో ప్రతి తీశాను.

"తొమ్మిదో అధికరణం," అన్నారు. పిల్ల కోసం తెలుగులో, ఒక్కొక్క మాటే చదివారు. "తల్లిదండ్రుల ఇష్టానికి విరుద్ధంగా, బిడ్డను వారి నుంచి వేరు చేయకూడదు."

ఆ వాక్యం అక్కడ అయిపోదు. అక్కడి నుంచి మినహాయింపులు మొదలవుతాయి, ఇంకో నాలుగు వరసలు. నాకు కంఠతా వచ్చు. ఆయన వాటిని చదవలేదు. పుస్తకం మూసి, గట్టిగా, "ఫుల్‌స్టాప్," అన్నారు.

నేను ఎర్ర పెన్సిల్ తీసుకుని నా ప్రతిలో టిక్కు పెట్టాను. రెండు ప్రతులూ సరిపోకుండా నేను పెట్టిన టిక్కు అదొక్కటే. రమీజా పరుగెత్తి వాళ్ళమ్మ వీపుకి అతుక్కుపోయింది.